అనువదిస్తే సరిపోదు: డిమెన్షియా అవగాహనను కొలిచే తెలుగు ప్రశ్నావళి ఎలా తయారవుతుంది?

‘వయసు మీద పడింది కదా, అడిగిందే అడుగుతారు. మామూలే.’ ఈ మాట చెల్లుబాటవుతున్నంత కాలం డిమెన్షియా ఉన్నవాళ్లు డాక్టరు దగ్గరికి ఆలస్యంగానే చేరతారు. అప్పటిదాకా ఇంట్లోవాళ్లు ఆ మనిషిని మొండివాడనో, చాదస్తమనో అనుకుంటూ విసుక్కుంటూనే ఉంటారు. మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. ముసలితనంలో ఇది మామూలే అన్న అపోహ మన ఒక్కరిదే కాదు. అల్జైమర్స్ డిసీజ్ ఇంటర్నేషనల్ 2019లో దాదాపు 70 వేల మందిని ప్రశ్నిస్తే, మూడింట రెండు వంతుల మంది అది ముసలితనంలో సహజంగా వచ్చేదేనని అనుకుంటున్నట్టు తేలింది.

అవగాహన పెంచాలని అందరూ ఒప్పుకుంటారు. పెంచాలంటే ఇప్పుడెంత ఉందో, ఏ విషయంలో తక్కువగా ఉందో ముందు తెలియాలి. అందుకు ప్రశ్నావళి కావాలి. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఎవరిచేతనో తెలుగు చేయించి, నూరు మందితో నింపించి, శాతాలు లెక్కగట్టి ప్రకటించడం తేలికే. కానీ ఆ శాతాల్లో కనిపించేది జనం అజ్ఞానమా, అనువాదంలోని లోపమా? పరీక్షించని ప్రశ్నావళితో ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. కొట్లో తూకం రాయికి ప్రభుత్వ ముద్ర ఎందుకు అడుగుతామో, ప్రశ్నావళికి పరీక్ష కూడా అందుకే అడగాలి.

రోగిని పరీక్షించే సాధనాల విషయంలో తెలుగులో ఈ శ్రద్ధ కనిపించింది. భారత వైద్య పరిశోధన మండలి జ్ఞాపకశక్తిని, ఆలోచనాశక్తిని పరీక్షించే సాధనాలను అయిదు భారతీయ భాషల్లో రూపొందించింది. వాటిలో తెలుగు ఒకటి. జనం అవగాహనను కొలిచేటప్పుడూ అంతే జాగ్రత్త తీసుకోవాలి. ఆ పని ఏ వరుసలో జరగాలో ఇక్కడ చెబుతున్నాను. నర్సింగ్, సోషల్ వర్క్, సైకాలజీ, ప్రజారోగ్యం చదివే పీజీ విద్యార్థులు ఒక చిన్న బృందంగా కూడితే చేయగలిగిన పనే ఇది.

మొదటి మెట్టు: ప్రశ్నావళిని ఎంచుకోవడం, అనుమతి తీసుకోవడం

ఇంగ్లీషులో ఇప్పటికే పేరున్నవి కొన్ని ఉన్నాయి. 2009లో అమెరికాలో రూపొందిన అల్జైమర్స్ డిసీజ్ నాలెడ్జ్ స్కేల్‌లో 30 వాక్యాలుంటాయి. ప్రతిదానికీ నిజమో కాదో చెప్పాలి. ఆస్ట్రేలియాలోని టాస్మేనియా విశ్వవిద్యాలయం నుంచి 2015లో డిమెన్షియా నాలెడ్జ్ అసెస్‌మెంట్ స్కేల్ వచ్చింది. దాన్ని డీకాస్ అని పిలుచుకుందాం. ఇప్పుడు వాడుకలో ఉన్న రూపంలో 25 వాక్యాలు, నాలుగు భాగాలు ఉన్నాయి: జబ్బు కారణాలు, లక్షణాలు ఒకటి; రోగితో మాట్లాడే తీరు, రోగి ప్రవర్తన రెండోది; సంరక్షణ మూడోది; ముప్పు, నివారణ నాలుగోది. ‘తెలియదు’ అనే జవాబుకు కూడా ఇందులో చోటుంది. సరైన జవాబు గట్టిగా చెబితే 2 మార్కులు, ‘బహుశా’ అంటూ సరైనవైపు మొగ్గితే 1, తప్పు చెప్పినా తెలియదన్నా 0. మొత్తం 50.

తెలియనివాళ్లు ఊహించి మార్కులు కొట్టే అవకాశం దీనిలో తక్కువ. అందుకే ఇక్కడ డీకాస్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. దీన్ని మొదట్లో పరీక్షించినప్పుడు పాల్గొన్నవారిలో ఎక్కువమంది ఇంగ్లీషులో ఆన్‌లైన్ కోర్సులో చేరినవాళ్లన్నది గుర్తుంచుకోవాలి. వాళ్ల దగ్గర బాగా పనిచేసింది కాబట్టి నల్గొండ పల్లెలోనూ పనిచేస్తుందని అనుకోవడానికి వీల్లేదు.

ముందుగా రూపకర్తలకు ఉత్తరం రాసి అనుమతి తీసుకోవాలి. తెలుగులో ఈ పని ఇంకెవరైనా చేస్తున్నారా అని ఆ ఉత్తరంలోనే అడగాలి. తర్వాత మీ సంస్థలోని ఎథిక్స్ కమిటీ ఆమోదం పొందాలి. సమ్మతి పత్రం తెలుగులోనే ఉండాలి. చదవలేనివారికి చదివి వినిపించి, సాక్షి ఎదుట వేలిముద్ర తీసుకోవాలి.

జవాబుల పట్టికను ఇవాళ్టి శాస్త్రంతో సరిచూడటం కూడా ఈ మెట్టులోని పనే. 2024లో లాన్సెట్ కమిషన్ డిమెన్షియాకు దారితీసే, మన చేతుల్లో ఉన్న 14 కారణాలను గుర్తించింది. వినికిడి లోపం, రక్తపోటు, మధుమేహం, చెడ్డ కొలెస్ట్రాల్, చదువు లేకపోవడం, ఒంటరితనం వంటివి ఆ పట్టికలో ఉన్నాయి. వాటన్నిటినీ సరిదిద్దగలిగితే దాదాపు 45 శాతం కేసులను ఆపవచ్చు, లేదా వాయిదా వేయవచ్చు. నివారణ గురించిన వాక్యాలను ఈ వెలుగులో మళ్లీ చదువుకోవాలి.

రెండో మెట్టు: ఇద్దరు అనువాదకులు, విడివిడిగా

కెనడా పరిశోధకురాలు డార్కస్ బీటన్ బృందం 2000లో చెప్పిన పద్ధతి ఇప్పటికీ చాలామంది పాటిస్తున్నారు. ఇద్దరు అనువాదకులు ఒకరి పని ఒకరు చూడకుండా తెలుగు చేయాలి. ఒకరికి విషయం తెలిసి ఉండాలి. రెండోవారు వైద్యంతో సంబంధం లేనివారై, జనం మాట్లాడే తెలుగు ఎరిగినవారై ఉండాలి. తర్వాత ఇద్దరూ కూర్చుని, తేడాలున్న ప్రతి వాక్యాన్నీ చర్చించి, ఒక్క ప్రతిగా తయారుచేయాలి. ఏ మాట ఎందుకు వదిలేశారో, ఏది ఎందుకు ఉంచారో రాసిపెట్టాలి.

మొదటి చిక్కు జబ్బు పేరు దగ్గరే వస్తుంది. ‘మతిమరుపు’ అని రాస్తే ఏమవుతుందో చూడండి. ‘డిమెన్షియా ముసలితనంలో సహజంగా వచ్చేదే’ అన్న వాక్యానికి సరైన జవాబు ‘నిజం కాదు’. అదే ‘మతిమరుపు ముసలితనంలో సహజంగా వచ్చేదే’ అని అడిగితే, వయసుతోపాటు కొద్దిపాటి మరుపు మామూలే కాబట్టి ‘నిజం’ అన్నవాళ్లను తప్పుపట్టలేం. ఒక్క మాట మార్చినందుకు సరైన జవాబే తలకిందులైంది. ‘చిత్తవైకల్యం’ అంటే పిచ్చి అనుకునేవాళ్లున్నారు. కాబట్టి ‘డిమెన్షియా’ అనే ఉంచి, ప్రశ్నలు మొదలుపెట్టే ముందు చిన్న వివరణ చదవడం మేలు.

ఆ వివరణ జవాబులను బయటపెట్టకూడదు. ‘ఇది మెదడుకు వచ్చే జబ్బు’ అని మనమే చెప్పేస్తే కొన్ని వాక్యాలకు జవాబు ముందే అందించినట్టవుతుంది. ‘కొందరికి జ్ఞాపకం, ఆలోచన, మాట, రోజువారీ పనులు చేసుకునే తీరు దెబ్బతింటాయి. ఆ స్థితిని డిమెన్షియా అంటారు’ అంటే చాలు. అంతకు ముందే ‘డిమెన్షియా అనే మాట ఎప్పుడైనా విన్నారా?’ అని అడిగి ఆ జవాబును విడిగా రాసుకోవాలి. వివరణ చదివాక ఆ ప్రశ్న అడిగి లాభం లేదు.

మూడో మెట్టు: తిరిగి ఇంగ్లీషులోకి

అసలు ప్రతిని చూడని ఇద్దరు, తెలుగు ప్రతిని తిరిగి ఇంగ్లీషులోకి మార్చాలి. దాన్ని అసలుతో పోల్చితే అర్థం ఎక్కడ జారిందో బయటపడుతుంది. ఈ మెట్టుతో పని ముగిసిందనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అది సరికాదు. జబ్బు బాగా ముదిరిన దశను ఎవరైనా ‘అధునాతన డిమెన్షియా’ అని తెలుగు చేశారనుకోండి. తిరిగి ఇంగ్లీషు చేసేవారు ‘అడ్వాన్స్‌డ్’ అన్న అసలు మాటనే యథాతథంగా పట్టుకుంటారు. రెండు ఇంగ్లీషు ప్రతులూ చక్కగా సరిపోతాయి. వినే మనిషికి మాత్రం ‘అధునాతన’ అంటే కొత్త రకం అని తోస్తుంది. ‘ముదిరిన డిమెన్షియా’ అంటే ఎవరికైనా తెలుస్తుంది. పుస్తకాల తెలుగు ఎంత ఎక్కువైతే తిరుగు అనువాదం అంత సులువుగా నెగ్గుతుంది. తప్పు దాక్కునే చోటు అదే.

నాలుగో మెట్టు: నిపుణుల తీర్పు

న్యూరాలజిస్టు, మానసిక వైద్యులు, నర్సు, సైకాలజిస్టు, భాష తెలిసినవారు, ఇంట్లో డిమెన్షియా రోగిని చూసుకుంటున్న కుటుంబ సభ్యులు ఒకరు, మొత్తం ఎనిమిది మంది దాకా ఒక కమిటీగా ఉండాలి. ఆ కుటుంబ సభ్యులను మర్యాద కోసం పిలిచినట్టు కాకుండా, మిగతావారితో సమానంగా మాట్లాడనివ్వాలి. ప్రతి వాక్యం ఈ విషయానికి ఎంత సంబంధించినదో ఒక్కొక్కరూ 1 నుంచి 4 వరకు మార్కు వేస్తారు. 3 లేదా 4 వేసినవారి సంఖ్యను మొత్తం మందితో భాగించాలి. ఎనిమిది మందిలో ఏడుగురు వేస్తే 0.88. ఆ వాక్యం ఉంటుంది. ఆరుగురే వేస్తే 0.75. ఆరుగురు, అంతకు మించి నిపుణులున్నప్పుడు హద్దు 0.78 కాబట్టి ఆ వాక్యాన్ని తిరగరాయాలి. అన్ని వాక్యాల సగటు 0.90 దాటాలి.

చివరి దశ సంరక్షణ గురించిన వాక్యం దగ్గర ఈ కమిటీ ఎక్కువసేపు కూర్చోవాల్సి వస్తుంది. చావు మాట ముందే ఎత్తడం అపశకునం అనుకునేవాళ్లు మన దగ్గర చాలామంది. వాళ్లు ‘అలాంటివి ముందే మాట్లాడుకోనక్కర్లేదు’ అంటే అది తెలియనితనమా, నమ్మకమా? మనం కొలవాలనుకున్నది తెలిసినతనాన్ని. వాక్యం నమ్మకాన్ని తాకుతుంటే ‘ఎలా చూసుకోవాలో ఇంట్లోవాళ్లు డాక్టరుతో ముందుగా మాట్లాడుకుంటే రోగికి మేలు’ అన్న దారిలో మార్చవచ్చా అని రూపకర్తలను అడగాలి. మన అంతట మనం మార్చకూడదు.

అయిదో మెట్టు: జనం ముందు కూర్చుని వినడం

ఈ పని మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే. బీటన్ పద్ధతి ప్రకారం 30 నుంచి 40 మందితో ముందస్తు పరీక్ష జరగాలి. జవాబు రాసుకుని వచ్చేస్తే అది పరీక్ష కాదు. ప్రతి వాక్యం తర్వాత రెండు మాటలు అడగాలి: ‘ఇందులో ఏం చెప్పారో మీ మాటల్లో చెప్పండి’, ‘ఆ జవాబు ఎందుకు అనుకున్నారు?’

రోగి గందరగోళపడినప్పుడు సరిదిద్దడం ముఖ్యం అన్న వాక్యాన్ని తీసుకోండి. సరైన జవాబు ‘నిజం కాదు’. చనిపోయిన అమ్మ ఎక్కడని అడిగే పెద్దాయనతో వాదించి, ఆవిడ లేదని ప్రతిసారీ గుర్తుచేయడం వల్ల ఆయన బాధ పెరుగుతుందే తప్ప మేలు జరగదు. కానీ వాక్యాన్ని ‘గందరగోళంలో ఉంటే సరిదిద్దాలి’ అని పొడిగా రాస్తే ఇలాంటి సంభాషణ ఎదురుకావచ్చు:

‘ఇందులో ఏమన్నామో మీ మాటల్లో చెప్పండమ్మా.’

‘గందరగోళమైతె సరిజెయ్యాలె అంటున్నవు గద బిడ్డా. చీర తిరగేసి కట్టుకుంటె సరిజెయ్యమా? చెయ్యాలె.’

ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్లు సరైనదే. మన వాక్యమే ఆమెను వేరే ప్రశ్నకు తీసుకెళ్లింది. ‘పొరపాటుగా ఏదైనా మాట్లాడినప్పుడు, అది తప్పని చెప్పి సరిదిద్దడం ముఖ్యం’ అని రాస్తే ఉద్దేశం నిలుస్తుంది. వినడానికి కూర్చోకపోతే ఆమెకు సున్నా వేసి, గ్రామీణ మహిళల్లో అవగాహన తక్కువని నివేదిక రాసేవాళ్లం.

ఇలా వినేటప్పుడు మరికొన్ని చోట్ల చెవి పెట్టాలి. వాడుకలో ‘నరాలు’ అంటే రక్తం ప్రవహించేవీ అవే, స్పర్శ తెలిపేవీ అవే. సెలైన్ ఎక్కించేది నరానికే, పక్షవాతం వచ్చేదీ నరాల వల్లే. కాబట్టి ‘రక్తనాళాల జబ్బు’ అన్నప్పుడు ఏది అర్థమైందో అడగాలి. రక్తపోటు అనకుండా బీపీ అంటేనే ఎక్కువమందికి తెలుస్తుంది. తెలంగాణలో ‘యాదికి వస్తలేదు’ అనేవారికీ, కోస్తాలో ‘గుర్తుండటం లేదు’ అనేవారికీ ఒకే వాక్యం ఒకేలా చేరుతోందా లేదా చూడాలి. అందుకే ఈ 30, 40 మంది ఒకే ఊరివాళ్లు కాకూడదు. తెలంగాణ, ఉత్తరాంధ్ర, కోస్తా, రాయలసీమ నాలుగూ ఉండాలి. చదువుకున్నవాళ్లు, చదవలేనివాళ్లు, ఆడవాళ్లు, మగవాళ్లు ఉండాలి.

వ్యతిరేకార్థంలో ఉన్న వాక్యాలు మరో చిక్కు. ‘మంచి అలవాట్లు పాటించినా డిమెన్షియా ముప్పు తగ్గదు’ అని చదివి, నిజమా కాదా అని అడిగితే ‘కాదు’ అంటారు. అది వాక్యం నిజం కాదనడమా, ముప్పు తగ్గదనడమా? అడిగేవాళ్లు వెంటనే ‘తగ్గుతుందంటారా, తగ్గదంటారా?’ అని తేల్చుకోవాలి. ఈ నియమాన్ని అడిగేవాళ్లకిచ్చే మార్గదర్శిలో రాసిపెట్టాలి. వాక్యాలన్నీ అనుకూలార్థంలోకి మార్చేస్తే పోదా అనిపిస్తుంది. అప్పుడు దేనికైనా తలూపేవాళ్లకు నిండుగా మార్కులు వస్తాయి. ‘మీరన్నారంటే నిజమే అయ్యుంటుంది సార్’ అనేంత మర్యాద మన జనంలో ఉంది. ‘వీటిలో కొన్ని నిజం, కొన్ని నిజం కావు. కావాలనే కలిపాం’ అని మొదటే చెప్పాలి.

జవాబుల్లో ‘తప్పు’ అన్న మాట వాడకపోవడం మంచిది. ఎవరినో తప్పుపడుతున్నట్టు వినిపిస్తుంది. ‘నిజం’, ‘నిజం కాదు’, ‘తెలియదు’ చాలు. చదివి వినిపించేటప్పుడు ముందు ఈ మూడింటిలో ఏదో అడిగి, తర్వాత ‘గట్టిగా చెప్పగలరా, అయ్యుండొచ్చని అనుకుంటున్నారా?’ అంటే అయిదు రకాల జవాబులూ సులువుగా వస్తాయి. అత్తగారు పక్కన కూర్చుంటే కోడలు చెప్పే జవాబు మారిపోతుంది. వీలైనంతవరకు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాలి.

ఆరో మెట్టు: అసలు సర్వే

ఒక్కో వాక్యానికి కనీసం పది మంది చొప్పున 25 వాక్యాలకు 250 మంది కావాలన్నది వాడుకలో ఉన్న లెక్క. 300 మంది ఉంటే నిబ్బరంగా ఉంటుంది. ఆస్పత్రికి వచ్చినవాళ్లనే అడిగితే జబ్బుతో పరిచయం ఉన్నవాళ్లే ఎక్కువ దొరుకుతారు. కాబట్టి ఊళ్లలో, బస్తీల్లో ఇళ్లకు వెళ్లాలి. అడిగేవాళ్లందరికీ ఒకే శిక్షణ ఇవ్వాలి. ఎవరైనా మధ్యలో ‘అయితే అసలు సంగతేంటి?’ అని అడిగితే, ‘చివర్లో తప్పకుండా చెబుతాం’ అని సర్దిచెప్పాలి.

ఏడో మెట్టు: లెక్కలు చెప్పే నిజం

ముందుగా ఒక్కో వాక్యాన్ని చూడాలి. 300 మందిలో 285 మంది సరిగ్గా చెప్పిన వాక్యం (0.95) ఎవరికెక్కువ తెలుసో తేల్చలేదు. ఎవరూ చెప్పలేనిదీ అంతే. తర్వాత మొత్తం మార్కుల్లో పైనున్న 27 శాతాన్నీ కిందున్న 27 శాతాన్నీ పోల్చాలి. 300 మందిలో ఒక్కో జట్టుకు 81 మంది వస్తారు. ఒక వాక్యాన్ని పై జట్టులో 65 మంది, కింది జట్టులో 24 మంది సరిగ్గా చెప్పారనుకుందాం. తేడా 41. దాన్ని 81తో భాగిస్తే 0.51. 0.30 దాటితే వాక్యం పనిచేస్తున్నట్టే. ఈ సంఖ్య మైనస్‌లోకి వెళ్తే, ఎక్కువ తెలిసినవాళ్లే ఆ వాక్యంలో ఓడుతున్నారన్నమాట. అప్పుడు జనాన్ని అనుమానించకుండా ఆ వాక్యాన్ని, దాని జవాబును మళ్లీ చూడాలి. అర్థం తిరగబడిన అనువాదం ఇక్కడ పట్టుబడుతుంది.

తర్వాత మొత్తం ప్రశ్నావళి పొందిక. అమెరికా పండితుడు లీ క్రాన్‌బాక్ 1951లో ప్రతిపాదించిన ఆల్ఫా 0.70 దాటాలి. 0.95 మించితే ఒకే విషయాన్ని రకరకాలుగా అడుగుతున్నామేమో చూసుకోవాలి. ఆల్ఫా బాగుంటే అన్నీ బాగున్నట్టు కాదు. వాక్యాల సంఖ్య పెరిగితే అదీ పెరుగుతుంది. అది పొందికను చెబుతుంది గానీ, మనం కొలుస్తున్నది అవగాహననేనా అన్నది చెప్పదు.

ఆల్ఫా చెప్పని సంగతులు తేలడానికి మరో మూడు పరీక్షలున్నాయి. మొదటిది, నాలుగు భాగాల నిర్మాణం తెలుగు జవాబుల్లోనూ నిలుస్తోందా అని ఫ్యాక్టర్ అనాలిసిస్‌తో చూడటం. ఆ నిర్మాణం ఎంత సరిపోయిందో చెప్పే సూచికల్లో సీఎఫ్ఐ 0.95 దగ్గర, ఆర్ఎంఎస్ఈఏ 0.06 లోపు ఉంటే బాగా నిలిచినట్టు. రెండోది, కొందరిని రెండు వారాల తర్వాత మళ్లీ అడగడం. రెండుసార్ల మార్కుల పొంతన 0.75 దాటితే నమ్మవచ్చు. మూడోది, తెలిసి ఉండాల్సినవాళ్లకు నిజంగా ఎక్కువ మార్కులు వస్తున్నాయా అని చూడటం. న్యూరాలజీ వార్డు నర్సులకూ సాధారణ జనానికీ ఒకే సగటు వస్తే ఆ ప్రశ్నావళి దేన్ని కొలుస్తోందో మళ్లీ మొదటినుంచి ఆలోచించాలి.

ప్రాంతాలవారీ పోలిక కూడా ఉండాలి. మొత్తం మార్కులు సమానంగా ఉన్నవాళ్లలో, ఒకే ఒక్క వాక్యం దగ్గర రాయలసీమవాళ్లు తరచూ తడబడుతుంటే లోపం ఆ వాక్యంలోని మాటల్లో ఉండవచ్చు. సర్వేలో పాల్గొన్నవాళ్లకు, రెండోసారి అడగాల్సినవాళ్లకైతే రెండో విడత అయ్యాక, సరైన జవాబులు చెప్పి రావాలి. సమయమిచ్చి సమాచారమిచ్చినవాళ్లకు ఆ మాత్రం చేయడం మన బాధ్యత.

ఎనిమిదో మెట్టు: అందరి ముందూ పెట్టడం

నివేదికలో నెగ్గిన వాక్యాలతోపాటు తొలగించినవి, మార్చినవి, అందుకు కారణాలు రాయాలి. ఎవరి దగ్గర పరీక్షించారో స్పష్టంగా చెప్పాలి. పట్నంలో చదువుకున్నవాళ్ల దగ్గర నెగ్గిన ప్రశ్నావళి చదవలేనివాళ్ల దగ్గర నెగ్గినట్టు కాదు. రూపకర్తల అనుమతితో తెలుగు ప్రతిని, అడిగేవాళ్ల మార్గదర్శిని ఉచితంగా అందుబాటులో పెట్టాలి. పదిమంది పది రకాలుగా అనువదిస్తే ఒకరి ఫలితాన్ని మరొకరి ఫలితంతో పోల్చలేం.

పరిశోధన చేయించే గైడ్లకు, ఎథిక్స్ కమిటీల సభ్యులకు ఒక విన్నపం. ‘తెలుగులోకి అనువదించి వాడాం’ అన్న ఒక్క వాక్యంతో వచ్చే ప్రతిపాదనను దయచేసి ఆమోదించకండి. అయిదో మెట్టు ఎలా చేశారో అడగండి. విద్యార్థులకు మరో మాట. ఇన్ని మెట్లు ఎక్కే సమయం, డబ్బు లేకపోతే చిన్న సర్వే చేయండి గానీ, మీ ప్రశ్నలను ముందుగా కనీసం పదిమందికి చదివి వినిపించి, వాళ్లకేం అర్థమైందో చెప్పించుకోండి. జనానికి ఏం తెలియదో ప్రకటించే ముందు, మనం ఏం అడిగామో వాళ్లకు తెలిసిందని నిరూపించుకోవాల్సిన బాధ్యత మనదే.